పిల్లి మెడలో ట్యాగు

మా అమ్మ కనబడకుండా పోయిందన్న సంగతి నలభై మూడు రోజులు నాకు తెలియలేదు. ఆ నలభై మూడు రోజుల్లో చివరి వారమంతా నేను ఒక పిల్లికి ఇల్లుందో లేదో కనుక్కునే పనిలో ఉన్నాను.

అది ఎండాకాలం. లాండ్రీ నడిపేవాడికి ఎండాకాలమంటే రెండు పొయ్యిల మధ్య బతుకు. బయట ఎండ, లోపల బాయిలరు. పొద్దున ఏడింటికి ఇస్త్రీ బల్ల ముందు నిలబడితే మధ్యాహ్నానికి అరికాళ్ళు నావి కావనిపించేది. నా భార్య కౌంటర్లో కూర్చుని రసీదులు రాసేది, ట్యాగులు కుట్టేది. మేం మాట్లాడుకునేది కూడా తగ్గిపోయింది. ఆవిడ "నీలం ప్యాంటు" అనేది, నేను "అయింది" అనేవాణ్ణి. అదే కాపురం.

అలాంటి రోజుల్లో వచ్చిందా పిల్లి. బూడిద రంగు ఒళ్ళు, తెల్లటి రొమ్ము. సరిగ్గా పదింటికి వెనక గుమ్మంలోంచి దిగేది. ఉతికిన బట్టల గంపలు ఒక్కొక్కటే వాసన చూసుకుంటూ పోయి, నచ్చిన గంపలో పడుకునేది. నాలుగింటికి నేను బాయిలరు ఆపేసరికి లేచి, ఒళ్ళు విరుచుకుని, డ్యూటీ దిగినట్టు వెళ్ళిపోయేది. నా భార్య దానికి ఇన్‌స్పెక్టరని పేరు పెట్టింది.

"ఇన్‌స్పెక్టరుగారు ఇవాళ లాయరుగారి కోటు మీద పడుకున్నారు. నల్ల కోటు. ఇప్పుడది బూడిద రంగు కోటు," అంది ఒక మధ్యాహ్నం.

"దులిపెయ్."

"మూడుసార్లు దులిపాను. ఏవండీ, ఇది ఇంటి పిల్లయితే వాళ్ళింటికి పంపండి. వీధి పిల్లయితే శుక్రవారం వీధి జంతువులు పట్టే బండి వస్తోందట, ఇచ్చెయ్యండి. రెండూ కాకుండా మన నెత్తిన కూర్చుంటే ఎలా?"

"ఏదో ఎలా తెలుస్తుంది?"

"ముప్పై ఏళ్ళుగా ఎవరి చొక్కా ఎవరిదో వాసన చూసి చెబుతారుగా. పిల్లికి చెప్పలేరా?"

నిజానికి ఆ ఎండల్లో నాకు పిల్లి గొడవొక్కటే తక్కువ. అమ్మ ఉండుంటే నిమిషంలో తేల్చేసేది. కానీ అమ్మ వంతు అప్పుడు అన్నయ్యది.

మా నాన్న పోయాక అన్నయ్య, నేను లాండ్రీని చీల్చుకున్నాం. పెద్ద మిషను అన్నయ్యకి, పాత ఖాతాదారులూ బోర్డూ నాకు. ఆ పంపకంలో పడ్డ మాటలతో నాలుగేళ్ళు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. పంచుకోలేక మిగిలింది అమ్మ ఒక్కతే. రెండు నెలలు నా దగ్గర, రెండు నెలలు అన్నయ్య దగ్గర. వంతు మారే రోజు నేను అమ్మని బస్సెక్కించేవాణ్ణి. ఆరు వరసల పెద్ద రోడ్డు దాటి, ఫ్లైఓవరు అవతల రెండో స్టాపులో అన్నయ్య దింపుకునేవాడు. అమ్మ ఒళ్ళో ఎప్పుడూ ఒకటే సంచి, జిప్పున్న గోధుమ రంగుది. ఎక్కించినవాడు దింపుకున్నావా అని అడగడు, దింపుకున్నవాడు ఎక్కించావా అని అడగడు. చేతి రుమాలు కూడా రసీదు లేకుండా ఇవ్వని వాళ్ళం, అమ్మని మాత్రం రసీదు లేకుండా చేతులు మార్చాం.

ఆదివారం ఆదివారం ఫోన్ చేసేవాణ్ణి. "బాగున్నావా?" "బాగున్నారా." "మోకాలు?" "ఉంది, ఎక్కడికీ పోలేదు." అంతే. వాడింటి ఊసు నేనెత్తేవాణ్ణి కాదు. నా ఇంటి ఊసు వాడెత్తేవాడు కాదట. అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా మేం ఆవిడకి కల్పించలేదు.

*

పిల్లి సంగతి తేల్చడానికి మా ఖాతాదారుల్లో ఒక పెద్దమనిషి పూనుకున్నాడు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా రిటైరయ్యాడు. వారానికి రెండు తెల్లచొక్కాలు ఉతకడానికి వేసేవాడు, గంట కబుర్లు చెప్పేవాడు.

"ముందు చెవులు చూడు," అన్నాడు కళ్ళజోడు సర్దుకుని. "ఆపరేషన్ చేసి వదిలేసిన వీధి పిల్లయితే ఒక చెవి కొస కత్తిరిస్తారు. దీనికి రెండూ నిండుగా ఉన్నాయి. రక్తం తాగే గోమార్లు లేవు. బొచ్చు నిగనిగలాడుతోంది. ఏమైనా పెట్టి చూశావా?"

"చేప ముక్క పెట్టాం."

"మింగిందా?"

"వాసన చూసి, కాలితో అవతలికి తోసింది," అంది నా భార్య. "మా ఆయన నా వంటకి పెట్టే వంకలే పెట్టింది."

"అయితే ఎక్కడో కడుపు నిండుతోంది. కానీ నలుగురూ నాలుగు ముద్దలు పెట్టే వీధి పిల్లి కూడా ఇలాగే ఉంటుంది. తేలాలంటే ఒక్కటే దారి. మెడకి కాగితం పట్టీ కట్టు. 'ఈ పిల్లి మీదా?' అని రాసి నీ నంబరు వెయ్యి. కాగితమే కట్టాలి సుమా, తాడు కాదు. ఎక్కడైనా చిక్కుకుంటే చిరిగిపోవాలి. పట్టీ అలాగే తిరిగొస్తే దానికెవరూ లేనట్టు. ఎవరో విప్పి పంపితే ఉన్నట్టు."

"పిల్లి మెడలో గంట కట్టేదెవరో ఇన్నాళ్ళకి తెలిసింది," అంది నా భార్య నన్ను చూసి.

సోమవారం కట్టాను. లాండ్రీ వాడి దగ్గర కాగితానికి కరువా? నీళ్ళకి నానని మా ట్యాగు ఒకటి తీసి, చెరగని సిరాతో 'ఈ పిల్లికి ఇల్లుందా?' అని రాశాను. కింద కొట్టు నంబరు వేశాను. దాన్నొక కాగితం పట్టీకి అంటించి, నా రెండు వేళ్ళు దూరేంత వదులుగా మెడకి చుట్టాను. ఇన్‌స్పెక్టరు ఒక్కసారి నా మొహంలోకి చూసి, పై అధికారికి చెబుతానన్నట్టు తలాడించి, నాలుగింటికి వెళ్ళిపోయింది.

అప్పుడు నా భార్య నవ్వడం మొదలుపెట్టింది. ఆ వేసవిలో ఆవిడ అలా నవ్వడం అదే మొదలు.

"డెలివరీ తేదీ కూడా వేశారేంటండీ?"

"ఎక్కడ?"

"నంబరు కింద. 'శుక్రవారం' అని. మీరు రాస్తుంటే చూశాను. చేతులు అడ్డం పెడదామనుకుని, పోనీలే అని ఊరుకున్నా."

అలవాటు. ముప్పయ్యేళ్ళుగా నంబరు వేసిన చేయి ఆగకుండా తేదీ కూడా వేసేసింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వే ఓపిక లేక కూలబడ్డాను.

*

మంగళవారం పదింటికి పిల్లి దిగింది. మెడలో కాగితం లేదు. దాని చోట నీలం గుడ్డ పట్టీ ఉంది.

నా భార్య ఎవరికో రసీదు రాస్తోంది. నేనొక్కణ్ణే వంగి చూశాను. మెత్తటి నూలు గుడ్డ, రెండంచులూ మడిచి కుట్టారు. రెండు కొసలూ కలిసే చోట ఒంటి పోగుతో టాకా వేశారు, లాగితే తెగేటట్టు. పట్టీ లోపలివైపు నా ట్యాగునే తెచ్చి కుట్టారు. నా ప్రశ్న కింద చెరగని సిరాతో ఒక్క మాట ఉంది. 'ఉంది.' దాని కిందున్న 'శుక్రవారం' మీద అడ్డంగా ఒక గీత.

మూలన ఎర్ర దారంతో చిన్న గుర్తు. ఒక కాలు పొడుగ్గా ఉన్న కూడిక గుర్తు, నడుమ ముడి.

నా చూపు అక్కడే ఆగిపోయింది. మా కొట్లో చిరిగిన బట్టని పోగు పోగుగా అల్లి అతుకు తెలియకుండా చేసేది మా అమ్మ. రఫ్ఫు పని అంటాం. పని అయ్యాక ఎక్కడ అల్లిందో ఆవిడకే తెలియదు. అందుకని ఇస్త్రీ చేసేవాడు జాగ్రత్తపడడానికి అంచు లోపల ఎర్ర దారంతో ఆ గుర్తు పెట్టేది. ముప్పై ఏళ్ళు పెట్టింది. ఆ గుర్తు ఇంకెవరికీ రాదు.

నాకు వెంటనే తట్టిందేమిటో చెబితే మీరు నన్ను తిడతారు. ఓహో, ఇది అన్నయ్య పిల్లి అన్నమాట, అనుకున్నాను. అమ్మ అన్నయ్యింట్లో కూర్చుని వాడి పిల్లికి పట్టీలు కుడుతోందన్నమాట, అనుకున్నాను. నా ఇంట్లో ఉన్నప్పుడు సూది పట్టవే అంటే కళ్ళు ఆనడం లేదంది కదా, అనుకున్నాను.

నా భార్యకి చెప్పలేదు. "ఇల్లుందట" అని మాత్రం అన్నాను. బుధవారం, గురువారం పిల్లి వస్తే గంపలోంచి దించేశాను. అది మళ్ళీ ఎక్కింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టని సామెత. నేను వెతకనన్నా వెతకలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం. సాయంత్రం అయిదింటికి జంతువులు పట్టే బండి వస్తుందని వీధిలో చాటింపు వేశారు. పట్టీ గట్టిగా ఉందో లేదో చూద్దామని నా భార్య పిల్లిని ఒళ్ళోకి తీసుకుంది.

"ఏవండీ, ఇది అత్తయ్య చేతికుట్టు!"

"తెలుసు."

"తెలుసా! ఎప్పటి నుంచి?"

"మంగళవారం నుంచి. అది వాళ్ళ పిల్లి. అన్నయ్యది."

ఆవిడ నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. కోపం కాదు. చాకిరీ చేసి చేసి మొద్దుబారిన మనిషిని చూసే చూపు.

"బావగారిల్లు పెద్ద రోడ్డుకి అవతల. రెండు స్టాపులు. ఇది రోజూ పదింటికి బస్సెక్కి వస్తోందా? నాలుగింటికి బస్సెక్కి పోతోందా? టిక్కెట్టెవరు కొంటున్నారు?"

నా చేతిలో ఇస్త్రీపెట్టె బల్ల మీద పెట్టాను. ఫోన్ తీశాను.

"ఏంట్రా, ఇవాళ శుక్రవారం కదా!" అంది అమ్మ.

"ఏం లేదు. పిల్లి గురించి."

"ఏ పిల్లి?" మరీ తొందరగా అడిగింది.

ఇంతలో మా కొట్టు ముందు నుంచి ఐసు బండి వెళ్ళింది. మూడున్నరకి రోజూ వెళ్ళేదే. గంట గణగణలాడించుకుంటూ మలుపు తిరిగి వెనక సందులోకి పోయింది. నేను పిచ్చి ప్రశ్నలేవో వేస్తున్నాను. మోకాలెలా ఉంది, మందులున్నాయా. అమ్మ పొడిపొడిగా చెబుతోంది. నిమిషం గడిచిందేమో.

గంట మళ్ళీ మోగింది. బయట కాదు. ఫోన్లో.

"అమ్మా, ఎక్కడున్నావు?"

ఫోన్ పెట్టేసింది.

వెనక సందులోకి పరిగెత్తాను. ఐసు బండి మలుపు దాటిపోయింది. సందుకి రెండు వైపులా కలిపి నలభై గుమ్మాలు. అన్నీ ఎండకి మూసి ఉన్నాయి. మళ్ళీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. వెనక్కొచ్చి, నాలుగేళ్ళుగా నొక్కని నంబరు నొక్కాను.

"నేనే," అన్నాను.

"చెప్పు," అన్నాడు అన్నయ్య. వెనక వాడి మిషను రొద.

"అమ్మకివ్వు."

మిషను ఆగింది. వాడు ఆపినట్టున్నాడు.

"ఎవరికివ్వాలి?" అన్నాడు.

*

పావుగంటలో వచ్చాడు. స్కూటరు స్టాండు కూడా సరిగ్గా వెయ్యలేదు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది. నన్ను చూసి వాడూ అదే అనుకుని ఉంటాడు.

"ఎండాకాలం చిన్నాడికి గిరాకీ ఎక్కువ, ఈ వంతు కూడా అక్కడే ఉంటానంది. స్టాపుకి రావద్దంది," అన్నాడు.

"నీ దగ్గరికనే బస్సెక్కింది."

"ఎక్కడం చూశావా?"

చూశాను. దిగడం ఎవరూ చూడలేదు.

"సందులో తలుపులన్నీ కొడదాం," అన్నాడు అన్నయ్య.

"అక్కర్లేదు, బావగారూ," అంది నా భార్య. "నాలుగవుతోంది. ఇన్‌స్పెక్టరు బయల్దేరుతుంది."

నేను బాయిలరు ఆపాను. పిల్లి లేచింది, ఒళ్ళు విరుచుకుంది, గుమ్మం దిగింది. మేమిద్దరం దాని వెనక. నడిమి వయసు లాండ్రీ వాళ్ళు ఇద్దరు, చెమటతో ఒంటికంటుకున్న చొక్కాలతో, ఎండలో ఒక పిల్లిని వెంబడించడం ఊహించండి. అది నీడ పట్టుకుని నడిచింది. మేం నీడ పట్టుకుని నడిచాం. ఒక గోడ మీద కూర్చుని కాలు నాక్కుంది. మేం ఆ గోడ కింద నిలబడ్డాం.

"నీ మందు వేసుకుంటున్నావా? బీపీకి," అన్నాడు అన్నయ్య గోడ వంక చూస్తూ.

"వేసుకుంటున్నా. నువ్వు?"

"మర్చిపోతుంటా."

పిల్లి దూకింది. సందు చివర దారాలూ గుండీలూ అమ్మే కొట్టు ఉంది. ఆ కొట్టావిడ అమ్మకి పాత స్నేహితురాలు. కొట్టు పక్కనుంచి ఇనప మెట్లు. పిల్లి మెట్లెక్కి, వారగా వేసి ఉన్న తలుపుని తలతో తోసుకుని లోపలికి పోయింది.

అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఒళ్ళో ఎవరిదో కోటు, చేతిలో సూది, పక్కన టేబుల్ ఫ్యాను. మమ్మల్ని చూసి సూది దించింది.

"ఇద్దరూ కలిసొచ్చారు. ఎవరు పోయార్రా?"

"ఎవరూ పోలేదమ్మా," అన్నాడు అన్నయ్య. "నువ్వే పోయావు."

"నేనెక్కడికి పోయానురా? మొదటి స్టాపులోనే దిగి వెనక్కొచ్చా, ఇదిగో, ఇక్కడే ఉన్నా. పాతికేళ్ళుగా తెలిసిన సందు. పొద్దున నాలుగు కోట్లు అల్లుతా, సాయంత్రం కింద కొట్టు దానితో కబుర్లు. మీకు భయపడి ఊరు వదిలిపొమ్మంటారా?" నా వైపు తిరిగింది. "నీకు మూడు రోజులు పట్టింది. మంగళవారం పంపాను గుర్తు. పెట్టకూడదనే అనుకున్నా. నీ రాత చూసేసరికి చెయ్యి ఆగలేదు. చూద్దాం, గుర్తు పడతాడో లేదో అనిపించింది."

"గుర్తు పట్టాను," అన్నాను. ఇంకేం చెప్పను? అన్నయ్య పిల్లి అనుకున్నానని చెప్పే మొహం లేదు.

"ఇంటికి పద," అన్నాడు అన్నయ్య. "మా ఇంటికి."

"మా ఇల్లు దగ్గర," అన్నాను నేను.

అమ్మ ఇద్దర్నీ చూసి నవ్వింది. "నిమిషం కాలేదు. మొదలెట్టారు."

నేను తల తిప్పుకున్నాను. అప్పుడు కనబడింది. గోడకున్న చెక్క అరలో అమ్మ బట్టలు మడత మీద మడత, అంచులు సమానంగా పేర్చి ఉన్నాయి. పక్కన మేకుకి ఆ గోధుమ రంగు సంచి. ఉతికి, జిప్పు తెరిచి, బోర్లించి ఆరేసి ఉంది. నాలుగేళ్ళలో మా ఇంట్లో ఆ సంచి ఖాళీగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. మంచం కింద ఉండేది, జిప్పు మూసి. పొద్దున్నే అందులోంచి ఒక జత తీసుకుని, సాయంత్రం ఉతికిన జత అందులోనే పెట్టుకునేది. ఇంట్లో రెండు బీరువాలు ఉన్నాయి. ఒక అర ఖాళీ చెయ్యాలని నాకు తోచలేదు. వాడికీ తోచలేదని, అదే సంచిని చూస్తున్న వాడి మొహం చెప్పింది.

ఇంకెవరం ఇంటికి రమ్మనలేదు. అన్నయ్య ఇనప మెట్ల మీద కూర్చుండిపోయాడు. అమ్మ కూజాలోంచి చల్లటి నీళ్ళిచ్చింది. తాగాం.

*

ఆ తర్వాత వంతులు మావి అయ్యాయి. సోమ, గురు అన్నయ్య. మంగళ, శుక్ర నేను. ఆదివారం ఎవరూ రావద్దు, కాస్త ఊపిరాడనివ్వండి అంది. ఒక శుక్రవారం గిరాకీలో పడి వెళ్ళలేదు. మర్నాడు పొద్దున అన్నయ్య ఫోన్ చేసి, "ఏరా, నిన్న వెళ్ళలేదట?" అన్నాడు. తిట్టాడు. తిట్టించుకున్నాను. నాలుగేళ్ళ తర్వాత ఒకరి చేత తిట్టించుకోవడం అంత బాగుంటుందనుకోలేదు.

మొదటి వాన పడ్డ రోజు ఒకావిడ కొట్టుకొచ్చింది. ఆసుపత్రిలో నర్సు. కళ్ళ కింద నల్లటి చారలు. చేతిలో నీలం పట్టీ.

"ఉతుకుదామని విప్పితే లోపల మీ నంబరు కనబడింది. ఇది మా పిల్లి పట్టీ అండీ. పిల్లి మూడేళ్ళ నుంచి మాదే. నావన్నీ నైట్ డ్యూటీలు. పగలు నేను పడుకుంటే ఇది ఎటో పోతుంది. ఎటు పోతుందో ఇవాళ తెలిసింది." పట్టీని వేళ్ళతో నిమిరింది. "ఎవరు కుట్టారండీ? ఎంత బాగుందో!"

ఆ సాయంత్రం అమ్మకి చెప్పాను. పిల్లి ఆవిడ కాళ్ళ దగ్గరే పడుకుని ఉంది. అమ్మ వంగి దాని తల నిమిరింది. అది తనదే అనుకుందేమో.

"పగలు నీ కొట్టు, సాయంత్రం నా గది, తెల్లారి ఆ అమ్మాయి ఇల్లు," అంది. "మూడిళ్ళున్నాయి దీనికి. సంచి మాత్రం లేదు చూశావా?"

నేను లేచేటప్పుడు మేకు మీది సంచి తీసి నా చేతిలో పెట్టింది. "ఇది నాకెందుకురా, అర నిండా చోటుంది. కొట్లో దేనికైనా పనికొస్తుంది."

తెచ్చాను. ఎవరూ తీసుకెళ్ళని బట్టలు వేలాడే కమ్మీ ఒకటుంది మా కొట్లో, వెనక గోడకి. దానికి తగిలించాను. కొట్లో వేలాడే దేనికైనా ట్యాగు ఉండాలి కాబట్టి ఒకటి తీసి రాశాను. నంబరు వేశాను. అలవాటుగా చెయ్యి ముందుకు పోయింది.

డెలివరీ తేదీ దగ్గర ఆపాను.